వెనక నుంచి వచ్చే గలగల: డిఫరెన్షియల్ విప్పే ముందు చూడవలసినవి

ప్రశ్న: మూడేళ్లపాటు సెలవు రోజుల్లో పనిచేసి, ఇంటి షెడ్డులోనే రెండు సీట్ల తేలికపాటి కారు తయారుచేసుకున్నాను. చదరపు ఉక్కు గొట్టాలతో ఛాసిస్ నేనే వెల్డింగ్ చేశాను. ఇంజిను, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ మూడూ ఒకే పాత కారులోవి. యాక్సిల్‌ను ముందువైపుకు నాలుగు లింకులతోనూ, పక్కలకు జరగకుండా అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్‌తోనూ పట్టి ఉంచాను. కారు పొట్టిది కావడంతో గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కోసి, పొడవు తగ్గించి, మళ్లీ అతికించాను. ఇప్పటికి 400 కిలోమీటర్లు తిరిగింది. గంటకు 45 కిలోమీటర్ల వేగం రాగానే పక్క సీటు వెనక నుంచి గలగలమని చప్పుడు మొదలై, 55 దాటాక తగ్గిపోతుంది. మూడో గేరులోనైనా నాలుగో గేరులోనైనా అంతే. గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. బండి నిలబెట్టి ఇంజిను ఎంత రేజ్ చేసినా రాదు. పక్క సీటులో ఎవరైనా కూర్చుంటే మాత్రం దాదాపు పోతుంది. సైలెన్సర్ రబ్బర్లు మార్చాను, కనిపించిన బోల్టులన్నీ బిగించాను. వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, పోయిందని, విప్పాల్సిందేనని నా స్నేహితుడు అంటున్నాడు. విప్పమంటారా?

సమాధానం: ఇప్పుడే విప్పవద్దు. మీరు రాసిన వివరాలే డిఫరెన్షియల్ వైపు వేలు చూపడం లేదు. అరిగిపోయిన డిఫరెన్షియల్ సాధారణంగా గలగలలాడదు, కూత పెడుతుంది. ఆ కూత యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు మరో రకంగా ఉంటుంది. పక్క సీటులో మనిషి కూర్చున్నంత మాత్రాన మాయం కాదు. పైగా దాని లోపలి క్రౌన్ వీల్ (పెద్ద గేరు) పళ్లకూ పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్లకూ మధ్య ఉంచే ఖాళీ సాధారణంగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. ఒకసారి విప్పాక డయల్ గేజ్, సరైన మందం షిమ్‌లు (సందు నింపే పలుచని రేకులు), చాలా ఓపిక ఉంటేనే దాన్ని యథాస్థితికి తీసుకురాగలరు. చక్కగా ఉన్న డిఫరెన్షియల్‌ను అనుమానంతో విప్పి, బిగించాక నిజంగానే కూత తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. మీ స్నేహితుడి మాట కొట్టిపారేయకుండా ఉండటానికి ఒక్క పని చేయండి: ఆయిల్ డ్రెయిన్ ప్లగ్ తీసి చూడండి. నల్లటి మెత్తని ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదలే. గోటితో తీయగలిగినంత ఇనుప పెచ్చులు కనిపిస్తే అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం.

అన్నిటికంటే ముందు, బండిని మళ్లీ రోడ్డెక్కించే లోపల, ఊడితే ప్రాణం మీదికి వచ్చేవాటిని చూడండి: చక్రాల నట్లు, స్టీరింగ్ జాయింట్లు, బ్రేకు పైపులు, పెట్రోలు ట్యాంకు పట్టీలు, ట్యాంకు నుంచి ముందుకు వెళ్లే పైపు ఎక్కడైనా గొట్టానికి రాసుకుంటోందా అన్నది. చప్పుడు సీటు వెనక నుంచి వస్తోందంటున్నారు, చాలా సొంత బండ్లలో ట్యాంకు ఉండేది అక్కడే. ఈ తనిఖీ అంతా కలిపి ఒక పూట పని.

ఇక మీ చప్పుడు సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన వాక్యం, మూడో గేరులోనైనా నాలుగో గేరులోనైనా 45 దగ్గరే మొదలవుతుందన్నది. ఒకే వేగంలో ఈ రెండు గేర్లలో ఇంజిను తిరిగే చుట్లు ఒకటి కావు. చప్పుడు ఇంజినును బట్టి వచ్చేదైతే గేరు మారినప్పుడల్లా అది వేరే వేగం దగ్గర మొదలవ్వాలి. అలా జరగడం లేదు కాబట్టి, దాన్ని పుట్టిస్తున్నది గేర్‌బాక్స్ దాటాక రోడ్డు వేగంతో పాటు తిరిగేదేదో అయి ఉండాలి: ప్రొపెల్లర్ షాఫ్ట్, యాక్సిల్, చక్రాలు. నిలబెట్టి రేజ్ చేసినా రాదన్న మాటతోనూ ఇది సరిపోతుంది. నిర్ధారించుకోవడానికి ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 55 దాకా తీసుకువెళ్లి, క్లచ్ నొక్కి న్యూట్రల్ చేసి, బండిని దానంతట దాన్నే దొర్లనివ్వండి. ఇంజిను మాత్రం ఆపవద్దు. ఆపితే బ్రేకుకు బూస్టర్ సాయం తగ్గిపోతుంది, తాళం తిప్పేశారంటే స్టీరింగ్ కూడా బిగుసుకోవచ్చు. 50, 45 మధ్య గలగల వినిపించిందంటే ఇంజినునూ క్లచ్‌నూ నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చెవితో పట్టుకుందామని చూసి మీరు విసిగిపోయి ఉంటారు. అది మీ చెవి తప్పు కాదు. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5 వేల మీటర్లు పోతుంది, గాలిలో 340 మీటర్లే పోతుంది. మీ ఛాసిస్ మొత్తం ఒకదానికొకటి అతికిన గొట్టాల అల్లిక. ఫ్యాక్టరీ కార్లలో ఉండే తివాచీలు, తారు పలకలు, రబ్బరు దిండ్లు అందులో లేవు. వెనక యాక్సిల్ దగ్గర పుట్టిన దెబ్బ, చెవికి తెలిసే తేడా ఏమీ లేకుండానే, సీటు వెనక ఉన్న పలుచని అల్యూమినియం రేకును చేరి అక్కడ మోగుతుంది. మీరు వినేది ఆ రేకును. అందుకే ఇలాంటి బండ్లలో చప్పుడు ఎక్కడ వినిపిస్తోందన్న దానికంటే, ఏ పరిస్థితిలో వస్తోంది, ఏది మారిస్తే పోతోంది అన్నదే నాకు ఎక్కువ చెబుతుంది.

ఇంకొక మాట కూడా మనసులో పెట్టుకోండి. గలగల రావాలంటే రెండు ఉండాలి: వదులుగా ఉన్నది ఒకటి, దాన్ని ఊపేది ఒకటి. గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ఊపేది రోడ్డు. 45 నుంచి 55 మధ్య నున్నటి రోడ్డు మీద ఊపేది మరొకటి. ఊగేది మాత్రం బహుశా రెండు సందర్భాల్లోనూ ఒక్కటే. కాబట్టి మీరు వెతకవలసింది రెండు లోపాలను. ఒకటి దొరికి చప్పుడు ఆగిపోయినంత మాత్రాన రెండోది బాగుపడినట్టు కాదు.

పక్క సీటులో మనిషి కూర్చుంటే పోతుందన్న దాన్ని చూద్దాం. దీనికి రెండు వివరణలు ఉన్నాయి. మొదటిది చాలా మామూలుది: ఖాళీ సీటు తన పట్టాల మీద కదులుతూ ఉండవచ్చు, బిగించని సీటు బెల్టు కొక్కెం మధ్య టన్నెల్ రేకుకు కొట్టుకుంటూ ఉండవచ్చు. మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోగానే రెండూ నోరు మూసుకుంటాయి. రెండోది, మనిషి బరువుకు బండి వెనకభాగం ఒక పక్కకు దిగి, యాక్సిల్ లింకుల కోణమూ ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణమూ మారడం. ఈ రెండింటినీ విడదీయడానికి పెద్ద పని లేదు. ఖాళీ సీటుకు బెల్టు పెట్టి ఒకసారి నడపండి. తరువాత ఆ సీటునే విప్పి పక్కన పెట్టి నడపండి. అప్పటికీ గలగల ఉంటే, సీటు ఉండే చోట నేల మీద 60 కిలోల ఇసుక బస్తాలు కదలకుండా గట్టిగా కట్టి నడపండి. సీటు లేకపోయినా బస్తాలతో చప్పుడు పోయిందంటే, దాన్ని ఆపుతున్నది బరువేనని తేలిపోతుంది. ఒక్కో పరీక్షకు ఒక్కటే మార్చండి. మీరు సైలెన్సర్ రబ్బర్లు మార్చి, అదే రోజున బోల్టులన్నీ బిగించి ఉంటే, ఒకవేళ చప్పుడు పోయి ఉన్నా దేనివల్ల పోయిందో మీకు తెలిసేది కాదు.

బస్తాల పరీక్షలో చప్పుడు పోతుందనే నేను అనుకుంటున్నాను. అలాగైతే నా మొదటి అనుమానం యాక్సిల్ లింకుల చివర ఉండే బుష్‌ల (మధ్యలో ఉక్కు గొట్టం ఉన్న రబ్బరు చుట్ల) మీద. సమవేగంతో పోతున్నప్పుడు ఆ లింకుల మీద పడే బలం చాలా తక్కువ. బోల్టుకూ దాని రంధ్రానికీ మధ్య కాస్త ప్లే (వదులు) ఉంటే బోల్టు అందులో ఎటూ ఆనకుండా తేలుతూ లొడలొడలాడుతుంది. బండి ఒక పక్కకు ఒరగగానే నాలుగు లింకులూ యాక్సిల్‌ను కొద్దిగా మెలిపెట్టినట్టయి, బుష్‌లు ఒక వైపుకు ఒత్తుకుపోతాయి; ఒత్తుకున్న జాయింట్ చప్పుడు చేయదు. దీన్ని పరీక్షించడం తేలిక. 50లో చప్పుడు వస్తుండగా బ్రేకు పెడల్ మీద కాలు మెల్లగా, వేగం పెద్దగా తగ్గనంతగా ఆనించండి. మరోసారి యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా నొక్కండి. రెండు సార్లూ చప్పుడు ఠక్కున ఆగిపోతే లింకులనే పట్టుకోండి. బ్రేకుకు మాత్రమే ఆగి, యాక్సిలరేటర్‌కు ఆగకపోతే ముందు బ్రేకు ప్యాడ్లూ షూలూ వదులుగా ఉన్నాయేమో చూడండి.

మీరు బోల్టులన్నీ బిగించానన్నారు. బిగించి ఉంటారు, సందేహం లేదు. కానీ బిగుతుగా ఉన్న బోల్టు కూడా వదులుగా ఉండగలదు, సొంతంగా కట్టిన బండ్లలో ఇది నేను పదేపదే చూసిన సంగతి. పాత బండ్ల బుష్‌లలో చాలావాటి లోపలి స్లీవ్ (బోల్టు దూరే ఉక్కు గొట్టం) రంధ్రం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. మనం తెచ్చి వేసే బోల్టు 12 మిల్లీమీటర్లది. చేత్తో తోస్తే సుఖంగా దూరిపోతుంది, కొలత సరిపోయిందనుకుంటాం; అక్కడ 0.7 మిల్లీమీటర్ల ఖాళీ ఉండిపోతుంది. దానికి తోడు బ్రాకెట్ సంగతి ఒకటుంది. బ్రాకెట్ రెండు చెంపలూ స్లీవ్ చివరలను రెండు వైపుల నుంచీ గట్టిగా నొక్కి పట్టుకోవాలి, పట్టు అంతా ఆ ఒత్తిడిలోనే ఉంది. 4 మిల్లీమీటర్ల మందం పలకతో చేసిన చెంపలను ఒక మిల్లీమీటరు ఎడంగా వెల్డింగ్ చేసేస్తే, మీరు స్పానర్‌తో పెట్టిన బలమంతా ఆ పలకలను వంచడానికే ఖర్చవుతుంది. స్పానర్‌కు బిగుతుగానే తగులుతుంది, స్లీవ్ మాత్రం లోపల స్వేచ్ఛగా ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి చూపుకంటే వేలు మేలు. బండిని సర్వీసు పిట్ మీద, నాలుగు చక్రాల మీద నిలబెట్టి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టండి. జాకీ మీద లేపి ఉన్న బండి కిందికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు. ఒకరు పైన నిలబడి బండిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపుతూ ఉండాలి. మీరు కింద నుంచి ఒక్కో జాయింట్ మీద వేలి కొన ఆనించండి, సగం వేలు బ్రాకెట్ అంచు మీద, సగం స్లీవ్ అంచు మీద ఉండేటట్టు. మంచి జాయింట్‌లో రబ్బరు సాగుతుంది, స్లీవ్ బ్రాకెట్‌తో పాటే ఉంటుంది. వదులు జాయింట్‌లో వేలి కింద చిన్నగా 'టిక్' మని ఒక మెట్టు తగులుతుంది. కంటికి కనిపించనంత చిన్న కదలికను కూడా వేలు పట్టేస్తుంది. చుట్టూ ఎర్రటి మెత్తని పొడి రాలి ఉంటే అది మామూలు తుప్పు అనుకోవద్దు. రెండు ఉక్కు ముఖాలు ఒకదానికొకటి రాసుకుంటే వచ్చే పొడి అది.

అలాంటి జాయింట్ దొరికితే బోల్టు తీసి చూడండి. ఒక్కసారికి ఒక్క బోల్టే తీయండి, స్ప్రింగు బలమూ యాక్సిల్ బరువూ ఆ జాయింట్ మీద లేకుండా స్టాండ్లు పెట్టుకున్నాకే తీయండి. బోల్టు నడుము మీద ఒక పట్టీలా మెరుపు కనిపిస్తుంది. బ్రాకెట్ రంధ్రం గుండ్రంగా ఉందో కోడిగుడ్డులా సాగిందో చూడండి. సాగితే కొత్త బోల్టు వేసి ఊరుకోవద్దు, సరైన రంధ్రమున్న పలకను దాని మీద వెల్డింగ్ చేయాలి. మూడు సంగతులు సరిచూసుకోండి: స్లీవ్ లోపలి కొలతకు సరిపోయే బోల్టు ఉండాలి, బ్రాకెట్ చెంపలు ఆనే చోట బోల్టు మరలు కాక నున్నటి భాగం ఉండాలి, చెంపలకూ స్లీవ్‌కూ మధ్య మిగిలిన ఖాళీని గట్టి ఉక్కు షిమ్‌తో నింపాలి. 8.8 గ్రేడు, 12 మిల్లీమీటర్ల బోల్టుకు టార్క్ సుమారు 80 నుంచి 85 న్యూటన్ మీటర్లు. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. వేలాడుతున్న యాక్సిల్‌కు బిగిస్తే రబ్బరు బుష్ బండి దించగానే మెలిపడి, కొద్ది నెలల్లో చిరిగిపోతుంది.

ఇప్పుడు ఊపేదాని సంగతి. ఇక్కడ నేను చూపేది మీరు కోసి అతికించిన ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు. లెక్క వేసి చూడండి. గంటకు 45 కిలోమీటర్లంటే సెకనుకు 12.5 మీటర్లు. మీ టైరు చుట్టుకొలత దాదాపు 1.8 మీటర్లు అనుకుంటే, టైరు మీదా నేల మీదా సుద్దతో గీత పెట్టి ఒక చుట్టు దొర్లించి కచ్చితంగా కొలుచుకోవచ్చు, చక్రం సెకనుకు సుమారు 7 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకు 28 చుట్లు తిరుగుతుంది. షాఫ్ట్ బరువులో తేడా ఉంటే అది చుట్టుకొకసారి, అంటే సెకనుకు 28 సార్లు ఊపుతుంది. షాఫ్ట్ రెండు చివర్లా ఉండి, కోణంలోనూ తిరగనిచ్చే యూనివర్సల్ జాయింట్ల అమరికలో తేడా ఉంటే చుట్టుకు రెండుసార్లు, అంటే 56 సార్లు ఊపుతుంది. చక్రాల బ్యాలెన్స్ తప్పితే 7 సార్లే. ఫోనులో కంపనాలు కొలిచే యాప్ ఒకటి పెట్టుకుని, ఫోనును మధ్య టన్నెల్ మీద టేపుతో గట్టిగా అతికించి, మరొకరిని పక్కన కూర్చోబెట్టకుండా మీరొక్కరే 50 వేగంలో ఒక నిమిషం నడిపి, ఇంటికి వచ్చాక చూడండి. 50 దగ్గర ఆ అంకెలు సుమారు 8, 31, 62గా మారుతాయి. కొన్ని ఫోన్లలోని కంపన సెన్సర్ 62 దాకా సరిగా అందుకోలేదు, కానీ 8 దగ్గరా 31 దగ్గరా శిఖరం ఉందో లేదో చెప్పేస్తుంది. 45 నుంచి 55 మధ్య మాత్రమే చప్పుడు రావడానికి కారణం కూడా ఇదే: ఆ వేగంలో వచ్చే ఊపు వదులుగా ఉన్న భాగం సహజంగా ఊగే వేగానికి దగ్గరగా వస్తోంది. వేగం పెరిగితే ఊపు పోదు, ఊగేది దానికి లొంగదంతే.

యూనివర్సల్ జాయింట్ కోణంలో పనిచేస్తున్నప్పుడు, ఒక వైపు షాఫ్ట్ సమంగా తిరుగుతున్నా రెండో వైపు షాఫ్ట్ చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతూ తిరుగుతుంది. అటు చివర ఉన్న రెండో జాయింట్ ఈ హెచ్చుతగ్గులను సరిగ్గా రద్దు చేస్తుంది, అయితే రెండు షరతులున్నాయి. షాఫ్ట్‌కు రెండు చివర్లా అతికిన యోక్‌లు (జాయింట్‌ను పట్టి ఉంచే కవల కొమ్ములు) ఒకే తలంలో ఉండాలి. గేర్‌బాక్స్ దగ్గరి కోణమూ యాక్సిల్ దగ్గరి కోణమూ సమానంగా ఉండాలి. షాఫ్ట్ కోసే ముందు దాని పొడవునా ఒక గీత గీసుకుని, అతికేటప్పుడు ఆ గీతను కలపకపోతే, యోక్‌లు కొన్ని డిగ్రీలు పక్కకు తిరిగి ఉండిపోవడం చాలా తేలిక. షాఫ్ట్‌ను బల్ల మీద పెట్టి చివర నుంచి ఒక కన్ను మూసి చూస్తే తేడా తెలిసిపోతుంది. కోణాలను డిజిటల్ యాంగిల్ గేజ్‌తో మూడు చోట్ల కొలవండి: గేర్‌బాక్స్ వెనక ముఖం, షాఫ్ట్, పినియన్ ముఖం. బండి బరువు చక్రాల మీద ఉండగానే, ఒకసారి ఖాళీగానూ ఒకసారి ఇసుక బస్తాలతోనూ కొలవండి. బస్తాలతో కోణాలు దగ్గరపడితే, పక్కన మనిషి ఉన్నప్పుడు మీ బండి ఎందుకు శాంతిస్తోందో రెండో కారణం కూడా దొరికినట్టే. యోక్‌లు సరిగా ఉండి, కోణాలు సరిపోతే, బ్యాలెన్సింగ్ మెషీన్ ఉన్న వర్క్‌షాపులో షాఫ్ట్‌ను తిప్పించి చూడాలి. చేత్తో చేసిన అతుకు ఎంత నీటుగా కనిపించినా ఆ పని తప్పించుకోవద్దు. స్టాండ్ల మీద బండి లేపి, గేరులో పెట్టి చక్రాలు తిప్పుతూ కింద నుంచి వినే ప్రయత్నం మాత్రం చేయవద్దు. అది ప్రమాదకరం, పైగా యాక్సిల్ వేలాడుతుంటే కోణాలన్నీ మారిపోతాయి కాబట్టి అక్కడ వినేది మీరు వెతుకుతున్న చప్పుడు కాదు.

లింకులలో ప్లే లేదు, షాఫ్ట్ సరిగానే ఉందని తేలితే అప్పుడు మూసిన గొట్టాల లోపల వెతకాలి. నా మొదటి బండిలో దాదాపు రెండు నెలలు ఇలాంటి చప్పుడే నన్ను తిప్పించుకుంది. తలుపు కింద ఉన్న పెట్టెలాంటి భాగానికి రేకులు రివెట్లతో బిగించినప్పుడు తెగిన రివెట్ కాడలు కొన్ని లోపల పడ్డాయి, నేను గమనించలేదు. చివరికి ఒక సంగతి దారి చూపింది: గట్టిగా బ్రేకు వేసినప్పుడు గలగల ముందుకు జరిగి, బండి కదలగానే మళ్లీ వెనక్కి వచ్చేది. బిగించి ఉన్న వస్తువు అలా ప్రయాణం చేయదు. అడుగున 10 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ఒక వైపు జాకీతో ఎత్తి, గొట్టం మీద రబ్బరు సుత్తితో తట్టాను. కాడలు ఒకటొకటిగా పళ్లెంలో పడ్డాయి. పదకొండు.  చప్పుడు ఆపడానికి ఆ గొట్టాల్లోకి ఫోమ్ కొట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. ఫోమ్ నీటిని పట్టి ఉంచి ఉక్కును లోపల నుంచి తినేస్తుంది. రంధ్రం ద్వారా తుప్పు నిరోధించే మైనం పట్టించి, రబ్బరు బిరడా పెట్టండి.

ఇంకొక జాగ్రత్త. లింకు బుష్‌లు సరిచేయగానే చప్పుడు ఆగిపోతే, షాఫ్ట్ పని వాయిదా వేయాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. వేయవద్దు. ఆ ఊపు 400 కిలోమీటర్లుగా మీ వెల్డింగ్ అతుకుల మీద పనిచేస్తూనే ఉంది. లింకు బ్రాకెట్లు ఛాసిస్‌కు అతికే చోట్ల గ్రీజు తుడిచి, తెల్లని పెయింటు పలుచగా రాసి ఉంచండి. పగులు మొదలైతే ఆ తెలుపు మీద వెంట్రుకంత సన్నని గోధుమరంగు గీతగా కనిపిస్తుంది. బిగించిన ప్రతి నట్టు మీదా బ్రాకెట్ మీదా కలిసేటట్టు పెయింటు గీత ఒకటి పెట్టి, 100 కిలోమీటర్ల తరువాత గీతలు కలిసే ఉన్నాయో లేదో చూడండి. ఒకసారి విప్పిన నైలాన్ లాక్ నట్లను మళ్లీ వాడకుండా కొత్తవి వేయండి, సైలెన్సర్ దగ్గర అసలే వేయవద్దు, ఆ వేడికి నైలాన్ మెత్తబడుతుంది.

న్యూట్రల్‌లో దొర్లించినప్పుడు చప్పుడు వచ్చిందా, సీటు తీసేసి బస్తాలు కట్టినప్పుడు పోయిందా, వేలి కింద ఏ జాయింట్ 'టిక్' మంది: ఈ మూడు జవాబులూ, యోక్‌లు కనిపించేటట్టు షాఫ్ట్ రెండు చివర్ల ఫోటోలూ పంపండి. అవి చూశాక షాఫ్ట్ అతుకు మళ్లీ కోయాలో, బ్యాలెన్సింగ్‌తో సరిపోతుందో చెబుతాను. అంతవరకు, ఈ పరీక్షలకు తప్ప, ఆ బండిని 40 దాటనివ్వకండి.